‘పాజిటివ్’ అంటే భయమేల?

గురువుగారి చెంత నాడి పట్టడం నేర్చినవాడను. అటువంటి నేను రక్తపరీక్షను గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు.

ఇటీవల ఒకేరోజు ఇద్దరు వచ్చారు. నడుముకు ఒక ప్రక్కన సర్పి లేచిన వృద్ధుడొకరు ‘ఐజిజి పాజిటివ్’ అన్న రిపోర్టు చూపి, “రక్తమంతా విషమైపోయిందా, వైద్యులుగారూ?” అని కంటతడి పెట్టారు. మూడవ నెల గర్భిణి ఒకామె, ప్రక్కింటి పిల్లవానికి ఆటలమ్మ పోసిందని పరీక్ష చేయించుకొని, ‘నెగెటివ్’ వచ్చిందని సంతోషంతో వచ్చింది. ఇద్దరూ తలక్రిందులుగానే గ్రహించారు.

ఆటలమ్మకూ సర్పికీ కారణం వరిసెల్లా జోస్టర్ అనే ఒక్క వైరస్సే. ఆటలమ్మ తగ్గిన పిదప అది నరాల మూలాల్లో నిద్రాణమై ఉండి, ఏండ్ల తరువాత దేహబలం సన్నగిల్లినప్పుడు సర్పిగా లేస్తుంది. దానిని ఎదుర్కొనేందుకు దేహం తయారుచేసుకొనే రక్షక పదార్థాలే యాంటీబాడీలు. వాటిలో ఐజిఎం సాధారణంగా క్రొత్తగా సోకినదానికి సూచన. ఐజిజి మునుపెన్నడో వ్యాధి వచ్చిందనో, టీకా పడిందనో తెలిపే సాక్ష్యం.

కనుక వృద్ధునికి పాజిటివ్ రావడం సహజమే. సర్పిని చాలావరకు కన్నే గుర్తిస్తుంది. సందేహం ఉంటే పొక్కులోని ద్రవాన్ని పిసిఆర్ పరీక్షకు పంపడం మేలు. వైరస్ నిరోధక ఔషధాన్ని 72 గంటల్లోగా మొదలుపెడితేనే ఎక్కువ గుణం. ఆయన రిపోర్టు కోసం అందులో రెండు రోజులు పోగొట్టుకొన్నారు.

ఆమెకు మాత్రం ఆ పరీక్ష అత్యవసరమే. నెగెటివ్ అంటే రక్షణ లేదన్నమాట. గర్భిణికి ఆటలమ్మ సోకితే ఊపిరితిత్తులకు నెమ్ము చేరవచ్చు. శిశువుకూ హాని కలుగవచ్చు. గర్భంతో ఉండగా ఈ టీకా వేయరాదు. వ్యాధిగ్రస్తుని దగ్గర మసలిన 10 రోజుల్లోగా, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఇమ్యునోగ్లోబులిన్ సూది వేయించాలి. వేపాకు ఆ రక్షణను ఇవ్వజాలదు. నాడి చూచి దాని ఉనికిని నేను చెప్పజాలను. ఇద్దరినీ ఆ పూటే తగిన డాక్టర్ల వద్దకు పంపాను.

రోగజ్ఞానానికి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అని చరకసంహిత మూడు మార్గాలు చూపింది. రక్తపరీక్ష అనుమానానికి ఊతం. ప్రత్యక్షంగా కనిపించే సర్పికి దానికోసం కాలహరణం చేయరాదు. కనిపించని రక్షణను తెలుసుకోవడానికి దానిని ఆశ్రయించడం వైద్యునికి చిన్నతనమూ కాదు.

ఆటలమ్మ రాని ఆడపడుచులు గర్భధారణకు ముందే ఈ పరీక్ష చేయించుకొని, అవసరమైతే డాక్టరు సలహాతో టీకా వేయించుకోవాలని నా మనవి.