రోజుకెంత కాదు, ఏడాదికెంత?

తెలంగాణ ఉద్యమం లెక్కల మీద నడిచిన ఉద్యమం. 1985లో వచ్చిన 610 జీవో ఎంత అమలైందో చెప్పాలని పట్టుబట్టినం. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయక తప్పలేదు. నీళ్ల లెక్క టీఎంసీల్లో, నిధుల లెక్క కోట్లలో సర్కారు ముందర పెట్టినం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. మరి నియామకాల లెక్క ఇప్పుడు ఎవరు అడగాలె? మనమే అడగాలె.

జహీరాబాద్‌లో ఆ గడియ వచ్చింది. నిమ్జ్ పేరు మీద న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పన్నెండు వేల ఎకరాలకు పైగా భూమిని గుర్తించిన్రు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఇక్కడ పారిశ్రామిక స్మార్ట్ సిటీకి ఆమోదం తెలిపింది. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు, 1.74 లక్షల మందికి ఉపాధి అన్నరు. సంతోషం. కానీ ఉపాధి అంటే ఏంది? దినానికి ఎంత? ఏడాదికి ఎన్ని దినాలు? ఈ రెండూ చెప్పకుండా మందిని లెక్కబెడితే అది సగం లెక్కే.

ఒక లెక్క వేసి చూద్దాం. గేటు కాడ కాంట్రాక్టరు 'దినానికి 500' అన్నడనుకుందాం. కొత్తగా చదువు అయిపోయిన పిలగాడు 500ను 365తో గుణించి 1,82,500 అని సంబురపడ్తడు. ఆదివారానికి కూలి రాదన్న సంగతి మొదటి నెల చివర తెలుస్తది. కనీస వేతనాల జీవోల్లో నెల వేతనాన్ని 26తో భాగించి దినం వేతనం కడ్తరు. ఆ లెక్కన ఏడాదికి 312 దినాలు, 1,56,000 రూపాయలు. జ్వరమొచ్చిన నాడు, మిషను ఆగిన నాడు, ఆర్డర్లు లేని నెల హాజరు పడదు. అట్ల 240 దినాలే పని దొరికితే చేతికొచ్చేది 1,20,000. దినం రేటు ఒక్క పైసా తగ్గలే. ఏడాది జీతంల మాత్రం 62,500 గాలికి పోయినయ్.

గంటల లెక్క కూడా చూడాలె. అమెరికాలో వారానికి 40 గంటలు, ఏడాదికి 2,080 గంటలని లెక్కగడ్తరు. మన దగ్గర వారానికి 48 గంటలంటే ఏడాదికి 2,496 గంటలు. దినానికి 500 అంటే గంటకు 62 రూపాయల 50 పైసలు. పన్నెండు గంటల షిఫ్టు చేయించి అదే 500 చేతిల పెడితే గంటకు 42 రూపాయలు కూడా పడదు. జీతం పెంచకున్నా, తగ్గించకున్నా దోపిడీ జరుగుతదనేది ఇందుకే.

2023-24లో రాష్ట్ర తలసరి ఆదాయం మూడు లక్షలు దాటిందని సర్కారు లెక్క. తలసరి అంటే మనిషికి. ఏడాదంతా నాగా లేకుండా పనిచేసి తెచ్చిన 1,56,000 మీద నలుగురు బతికే ఇంట్ల మనిషికి పడేది 39,000. ఆ మూడు లక్షలు ఎవరింట్ల ఉన్నయ్?

ఉద్యోగ సోదరులకు ఒక మాట. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెల 42 దినాలు మీరు కొట్లాడిన్రు. 2014లో మీకు తెలంగాణ ఇంక్రిమెంట్ వచ్చింది. అది మీ హక్కు, ఎవరి దయా కాదు. కానీ అదే సమ్మెల పని ఇడిచిపెట్టి మీ వెంట నడిచిన అడ్డా కూలికి ఏ ఇంక్రిమెంటూ లేదు. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తదని 2016 అక్టోబర్ 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును మీ ఆఫీసుల్ల పక్క కుర్చీల కూసున్న ఔట్‌సోర్సింగ్ తమ్ముని కోసం అడగాల్సింది మీరే.

అల్లం, ఆలుగడ్డ, చెరుకు పండే నేల ఇది. భూమి ఏటేటా పంట ఇస్తది. దాన్ని తీసుకున్నోళ్లు ఏటేటా నిలిచే జీతం చూపెట్టాలె, దినం కూలి కాదు. ప్రతి కొలువుకూ ఏడాది జీతం ఎంతో, పని దినాలు ఎన్నో, కంపెనీ రోల్స్ మీదనా కాంట్రాక్టరు కిందనా రాసి గ్రామసభల చదవాలె. భూమి కోల్పోయిన ఇంటి పిల్లల పేర్లు ముందుండాలె.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఎవరన్న 'రోజుకు ఇంత' అంటే సంతకం పెట్టకముందే ఒక్కటే అడగండి: ఎన్ని రోజులు?