మైదానము – క్షేత్రము : పందెము లేని చూపు



ఆటలు చూడడం కాలక్షేపమనీ, తీర్థయాత్రలు చేయడం పుణ్యమనీ మనలో చాలామంది ఈ రెండింటినీ వేరువేరు గూళ్ళలో భద్రపరచుకున్నారు. వయసులో ఉన్నవారికి మొదటిది, వయసు మళ్ళినవారికి రెండవది అని కూడా ఒక విభజన చేసుకున్నారు. నా అభిప్రాయము వేరు. శ్రద్ధగా చూచేవానికి ఆటస్థలమూ పుణ్యక్షేత్రమూ ఒకే పాఠాన్ని బోధిస్తాయి. అంతేకాదు, ఈ రెండింటినీ పాడుచేసే జాడ్యము కూడా ఒక్కటే. దాని పేరు పందెము. ఈ చిన్న వ్యాసంలో నేను విన్నవించదలచినది ఇదే.

మాటల దగ్గర మొదలుపెడతాను. తెలుగు పండితుని అలవాటు ఒక పట్టాన పోదు కదా! 'క్షేత్రము' అంటే మొదటి అర్థము పొలము, పుణ్యస్థలమన్నది ఆ తరువాతి అర్థము. కౌరవపాండవులు తలపడిన చోటూ క్షేత్రమే, విశ్వనాథుడు వెలసిన కాశీ కూడా క్షేత్రమే. 'తీర్థము' అంటే దాటడానికి అనువైన రేవు. 'దర్శనము' అంటే చూచుట. 'ప్రేక్షకుడు' అంటే బాగుగా చూచువాడు. గుడిలో గాని మైదానంలో గాని మనం చేసే పని చూచుటయే. అక్కడ మూర్తిని మనము చెక్కలేదు, ఇక్కడ బంతిని మనము కొట్టడం లేదు. కనుక ఎలా చూడాలి అన్నదే అసలు ప్రశ్న.

మాది బొగ్గు బావుల ఊరు. గోదావరిఖనిలో సింగరేణి వారి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉన్నది. ఊరి అంచున గోదావరి ఉన్నది. గోలివాడ దగ్గర నది ఒడ్డున రెండేళ్ళకొకసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఎగువకు పోతే ధర్మపురి, దిగువకు పోతే కాళేశ్వరము. ఆటకూ యాత్రకూ మాకు కొదువ లేదు.

ముందుగా కబడ్డీ సంగతి. ఈ ఆటను మించిన గురువు మా బొగ్గుగని ప్రాంతానికి మరొకటి లేదని నా నమ్మకము. కూతకు వెళ్ళినవాడు ఒంటరి. ఎదుట ఏడుగురు. నడిమి గీత దాటి అవతలి వారి నేలమీద అడుగుపెట్టాలి, తాకవలసిన వారిని తాకాలి, ఊపిరి ఉన్నంతలో తిరిగి గీత దగ్గరకు రావాలి. ఇప్పటి పోటీలలో ముప్పై సెకన్ల గడువు కూడా పెట్టారు. ఎంతమందిని తాకాడన్నది తరువాతి మాట. తిరిగి వచ్చాడా లేదా అన్నదే మొదటి మాట. రాకపోతే తాకినదంతా వ్యర్థము.

గనిలోకి దిగే కార్మికుని బ్రతుకూ ఇంతే కదా! మస్టరు పడుతుంది, దీపం తీసుకుంటాడు, బావి ముఖద్వారం దగ్గరి మైసమ్మకు చేయెత్తి మ్రొక్కుతాడు, చీకటి అనే అవతలి వారి నేలమీద అడుగుపెడతాడు. ఎన్ని టన్నులు తీశాడన్నది కంపెనీ లెక్క. తిరిగి పైకి వచ్చాడా అన్నది ఇంటి లెక్క. రాత్రి షిఫ్టు ముగిసే వేళకు వాకిట్లో నిలబడి వీధి చివరకు చూచే ఇల్లాలికి కబడ్డీ నియమాలు ఎవరూ నేర్పనవసరము లేదు.

ఈ ఆటలో నన్ను అన్నింటికంటె ఆకట్టుకునే నియమము మరొకటి ఉన్నది. అవుటైనవాడు శాశ్వతంగా పోడు. గీత వెలుపల కూర్చుంటాడు. తనవాడొకడు అవతలి వానిని అవుట్ చేయగానే వరుసక్రమంలో లేచి లోపలికి వస్తాడు. పడినవాడు తన బలంతో కాక తోటివాని శ్రమతో లేస్తాడు. క్రికెట్టులో ఈ దయ లేదు. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీకి చోటు దక్కినది మొదలు 2014 వరకు ఏడుసార్లు మన పురుషుల జట్టు స్వర్ణమే గెలిచింది. 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో సెమీఫైనల్లోనే ఓడింది. 2023లో హాంగ్‌ఝౌలో అదే ఇరాన్‌ను ఫైనల్లో ఓడించి మళ్ళీ లేచింది. ఆటలోని నియమమే ఆ జట్టు చరిత్రకూ వర్తించిందన్నమాట!

ఇక కాళేశ్వరము. గోదావరీ ప్రాణహితల సంగమస్థలము. సరస్వతి అంతర్వాహిని అని భక్తుల విశ్వాసము. 2022లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు ఇక్కడ జరిగాయి. ఈ ఆలయంలోని విశేషము, ఒకే పానవట్టము మీద రెండు లింగాలు ఉండడము. ఒకరు కాలేశ్వరుడు, అనగా యముడు. మరొకరు ముక్తీశ్వరుడు, అనగా శివుడు. శివుడు అందరికీ ముక్తి ప్రసాదిస్తూ ఉంటే యమునికి పని లేకుండా పోయిందనీ, ఆయన మొర పెట్టుకోగా తన పక్కనే స్థానమిచ్చి ముందుగా యమునికే పూజ జరిగేటట్లు వరమిచ్చాడనీ స్థలపురాణము. ఎగువన ధర్మపురిలో కూడా నరసింహస్వామి సన్నిధిలో యమధర్మరాజుకు గుడి ఉన్నది. నరసింహ శతకము వ్రాసిన శేషప్ప కవి ఊరు అది.

ఆ రెండు లింగాల ఎదుట నిలబడిన ప్రతిసారీ నాకు మైదానమే స్ఫురిస్తుంది. గెలుపూ ఓటమీ వేరువేరు పీఠాల మీద ఉండవు. ఒకే పానవట్టము. అభిషేక జలము రెండింటి మీదినుండీ జారి ఒకే దారిన పోతుంది. ఒకరి గెలుపు మరొకరి ఓటమి లేకుండా పుట్టదు. అటువంటప్పుడు ఓటమికి మ్రొక్కకుండా గెలుపుకు మాత్రమే ఎలా మ్రొక్కగలము?

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్‌లో మన తెలుగు బిడ్డ పీవీ సింధు స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడింది. మొదటి గేమ్ 21-19తో గెలిచి, తరువాతి రెండూ 12-21, 15-21తో కోల్పోయింది. గెలిచిన ఆనందంలో మారిన్ కోర్టు మీద పడి ఏడ్చింది. అప్పుడు సింధు వల అవతలికి వెళ్ళి ఆమెను ఆలింగనము చేసుకున్నది. నేలమీద పడి ఉన్న ఆమె రాకెట్టును తీసి పక్కన పెట్టింది. ఆ రజత పతకము కంటె ఆ రాకెట్టును తీసిన చెయ్యి గొప్పదని నేనంటాను. ఒకే పానవట్టము మీద ఇద్దరిని చూడగలిగిన సంస్కారము అది.

ఓర్పు విషయంలోనూ ఇంతే. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా మనవారు 171కే కుప్పకూలి ఫాలోఆన్ ఆడవలసి వచ్చింది. ఆ స్థితిలో మన హైదరాబాదు లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 చేశారు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగవ రోజంతా ఒక్క వికెట్టు పడలేదు. చివరకు 171 పరుగుల తేడాతో గెలిచాము. ఓడిన ఇన్నింగ్స్ ఎంతో, గెలిచిన తేడా అంతే! ఆ నాలుగవ రోజు చూచినవారికి గుర్తుండేది ఏదో ఒక్క ఫోరు కాదు. ఒక్కొక్క బంతినీ దాని విలువను బట్టి గౌరవించిన తీరు గుర్తుంటుంది. వేములవాడలో కోడెను పట్టుకుని ప్రదక్షిణకు తన వంతు కోసం నిలబడే రైతు ముఖంలో అదే ఓర్పును నేను చూచాను. నిరీక్షణ కూడా దర్శనములో భాగమే అని ఆ రైతుకు తెలుసు. క్యూ అనేది దేవునికీ మనకూ మధ్య అడ్డు అనుకునేవారు డబ్బు పెట్టి దానిని దాటుతారు. దాటిన తరువాత వారు చూచేది ఎంతసేపు? మెరుపంత సేపు.

ఇప్పుడు జాడ్యము సంగతికి వస్తాను.

మా కాలనీకి కొద్ది దూరంలో ఒక విశ్రాంత కార్మికుని కుటుంబము ఉన్నది. ముప్పై ఏళ్ళకు పైగా భూమి లోపల చెమటోడ్చి ఉద్యోగ విరమణ నాడు ఆయన తెచ్చుకున్న సొమ్ములో పెద్ద భాగము కొడుకు ఫోనులోని క్రికెట్ పందేలలో కరగిపోయింది. అంతకు ముందొకనాడు ఆ అబ్బాయితో కలిసి నేను ఒక మ్యాచ్ చూచాను. "ఎవరు బాగా ఆడుతున్నారు నాయనా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాడు. ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులు దాటాలో మాత్రము చెప్పాడు. కళ్ళు తెర మీదనే ఉన్నాయి, ఆట కనబడడం లేదు! పందెము మొట్టమొదట దోచుకునేది ధనాన్ని కాదు, చూపును. ధనము ఆ తరువాత పోతుంది.

ఇది ఒక్క ఇంటి కథ అయితే నేను వ్రాసేవాడిని కాను. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే పాత గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రము కూడా చట్టము చేసింది. చట్టాలు మంచివే. కాని చట్టము దుకాణాన్ని మూయగలదు గాని ఆశను మూయలేదు. నన్నయగారి సభాపర్వము చదివినవారికి ఇది తెలియనిది కాదు. ధర్మము తెలియనివాడు జూదములో చెడ్డాడంటే వింత లేదు. ధర్మరాజే చెడ్డాడు. రాజ్యము, తమ్ములు, తాను, చివరకు ద్రౌపది! ఒక్కొక్క ఓటమి తరువాత అంతకంటె పెద్ద పందెము. నేటి ఫోనులో జరిగేది అక్షరాలా అదే. కాకపోతే ఈనాటి శకుని ముఖము కనబడదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "అయ్యా, మొక్కు మాత్రము పందెము కాదా? ఉద్యోగము వస్తే కోడెను కడతాను, బిడ్డ పుడితే తల నీలాలు ఇస్తాను అనడం దేవునితో బేరమే కదా?" అని. ప్రశ్న న్యాయమైనదే. బేరంగా మారిన మొక్కులు ఉన్నాయని నేను ఒప్పుకుంటాను. ఆ కార్మికుని భార్య అప్పులు తీరితే నిలువెత్తు బంగారము ఇస్తానని సమ్మక్కకు మొక్కుకున్నది. బంగారమంటే మా జాతరలో బెల్లము. దానిలో ఎంత కోరిక ఉన్నదో అంత వినయము కూడా ఉన్నది. పందెము వేసేవాడు ఇతరులు పోగొట్టుకున్నది తనకు రావాలని కోరుతాడు. మొక్కినవాడు తనకు మేలు జరిగితే తనది కొంత ఇస్తానంటాడు. తూచిన బెల్లము ప్రసాదమై పదిమంది నోళ్ళలో తీపి అవుతుంది. మేడారములో విగ్రహము లేదు. గద్దె, కుంకుమ భరిణె, వెదురు. చూడడానికి అంత తక్కువ ఉన్నచోట అంతమంది కనుల నీరు పెట్టుకుంటున్నారంటే వారు లాభనష్టాలు లెక్కించడానికి వచ్చినవారు కారు.

అయినా తొందర, ఫలాపేక్ష ఎంతటి అనర్థము తెస్తాయో రెండు దుర్దినాలు చెబుతాయి. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలినాడు రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా మరణించారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం వెలుపల ఐపీఎల్ విజయోత్సవపు తొక్కిసలాటలో పదకొండు మంది మరణించారు. ఒకటి క్షేత్రము, మరొకటి మైదానము. దుఃఖములో తేడా ఉన్నదా? జనాన్ని పిలిచినవారు జనాన్ని కాపాడవలసిన బాధ్యత వహించాలి. పోయినవారిని తప్పుపట్టడం అన్యాయము. కాని పుష్కరము పన్నెండు రోజులనీ, తొలి ఘడియలోని నీరూ చివరి ఘడియలోని నీరూ గోదావరి నీరేననీ పెద్దలు చెప్పకపోతే మరెవరు చెబుతారు? 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. ధర్మపురికి, కాళేశ్వరానికి, మా గోదావరిఖని ఒడ్డుకు జనము వస్తారు. ఆ మాట ఇప్పటినుండే ఇంటింటా చెప్పుకోవాలి.

చివరగా నా విన్నపము. మీ ఇంట యువకులుంటే, వారు మ్యాచ్ చూచేటప్పుడు పక్కన కూర్చోండి. "ఎవరు గెలుస్తారు?" అని అడగకండి. "ఆ బంతిని ఎందుకు వదిలేశాడు?" అని అడగండి. వీలైతే తెర ముందునుండి లేపి ఏదో ఒక మైదానానికి తీసుకుపోండి. ఊరు పేరు తెలియని పిల్లలు ఆడే కబడ్డీని, పైసా లాభము లేకుండా, చివరి కూత దాకా చూడనివ్వండి. క్షేత్రానికి వెళ్ళినప్పుడు కోరికల చిట్టా విప్పడానికి ముందు ఒక్క నిమిషము ఊరక చూడమనండి. ఏమీ అడగకుండా చూడడం అలవడినవానికి ఏదో ఒకటి పణముగా పెట్టి చూడవలసిన అవసరము కలుగదు.

బొగ్గు మా నేలలో శాశ్వతముగా ఉండదు. గనులు ఒక్కొక్కటిగా మూతపడతాయి. తండ్రులు చెమటతో తెచ్చిన సొమ్ము, దానికంటె ముఖ్యముగా తండ్రుల ఓర్పు, బిడ్డలకు దక్కాలంటే వారి చూపును మనము కాపాడుకోవాలి. దీనితో విభేదించేవారు తప్పక తమ అభిప్రాయము వ్రాయగలరు. చర్చకు నేను సిద్ధమే, పందేనికి మాత్రము కాదు!

స్వస్తి.