బెరయవారు పౌలునే పరీక్షించారు



ఎన్నికలు వస్తే చాలు, ఆరాధన అయ్యాక "అయ్యగారూ, ఈసారి ఎవరికి వేద్దాం?" అని అడిగేవారు. ఈమధ్య ఆ ప్రశ్న తగ్గింది. యవనస్థులు ఫోనులో చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. నాకు బాధేమీ లేదు గానీ, ఓటు మీ చేతికిచ్చిన బాధ్యత. దాన్ని నాకు అప్పగించినా యంత్రానికి అప్పగించినా ఒకటే.

దాన్ని అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. 2002 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన అభ్యర్థులు తమ మీదున్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రంలో రాసి ఇవ్వాలి. శాసనసభకు, లోక్‌సభకు నిలబడినవారి ఫారం 26ను ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. చిక్కేమిటంటే అది పేజీలకు పేజీలు, నిండా సెక్షన్ల నంబర్లు, తరచుగా ఇంగ్లీషులో. మన మెట్టుగూడలో ఎంతమంది పెద్దమ్మలకు అది అర్థమవుతుంది? ఇక్కడే ఈ యంత్రం పనికొస్తుంది. ఆ పత్రాన్నే దానికి ఇచ్చి, "ఇందులో ఉన్నది మాత్రమే తేట తెలుగులో చెప్పు, ఏ పేజీలో ఉందో కూడా చెప్పు" అనండి. తర్వాత ఆ పేజీ తెరిచి చూడండి.

ఆ చివరి పని మానవద్దు. తెలియనిది కూడా అది తడబడకుండా చెప్పేస్తుంది. పెండింగులో ఉన్న కేసును శిక్ష పడినట్టు చెబితే అది ఒక మనిషి మీద అబద్ధసాక్ష్యం. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టింది మీరైతే ఆ సాక్షి మీరే. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు గూగుల్ సంస్థే, మన దేశంలో ఎన్నికల ప్రశ్నలకు తన జెమిని జవాబివ్వకుండా కట్టడి చేసింది. తయారుచేసినవాళ్లకే ఆ జాగ్రత్త ఉంది.

బెరయవారు (అపొ. 17:11) పౌలు మాట ఆసక్తితో విన్నారు, అయినా ప్రతిదినం లేఖనాలు తీసి సరిచూసుకున్నారు. అపొస్తలుడికే లేని మినహాయింపు ఫోనుకెందుకు? పాస్టరుకూ లేదు.

నాయకుడిలో ఏమి వెదకాలో యిత్రో మోషేకు చెప్పాడు (నిర్గమ 18:21): సామర్థ్యం, దైవభయం, సత్యం, లంచమంటే అసహ్యం. ప్రమాణపత్రంలో వీటి జాడ కొంతే దొరుకుతుంది. నీళ్లు రాకపోతే ఫోను ఎత్తుతాడా, నాలా పొంగితే వస్తాడా అన్నది బస్తీలో అడిగితేనే తెలుస్తుంది. లంచం మాట వచ్చింది గనుక, పోలింగు ముందురాత్రి ఇంటికొచ్చే కవరు గురించి ఏ చాట్‌బాట్‌నూ అడగనక్కర్లేదు.

2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ ఎన్నికల్లో మన నగరంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఈసారి నామినేషన్లు ముగిశాక ఒక ఆదివారం ఆరాధన తర్వాత గంటసేపు కూర్చుందాం. యవనస్థులు ఫోన్లు తేండి, ఇంగ్లీషు చదవగల రిటైరైన పెద్దలు కళ్లద్దాలు తెచ్చుకోండి. ప్రతి అభ్యర్థి పత్రమూ చూద్దాం. ఎవరికి వేస్తున్నారని మాత్రం ఎవరూ ఎవరినీ అడగవద్దు. నేనూ అడగను.