పత్తి కొనుగోలులో ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు వ్యాపారి: సమాన పోటీ ఎక్కడ?

ఆదిలాబాద్ పట్టణంలో సీసీఐ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మూతపడిన సిమెంటు కార్పొరేషన్ కర్మాగారం. రెండవది ఏటా పత్తి కొనే కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. ఒకటి మూతపడితే కార్మికులకు నష్టం; రెండవది ఒక వారం కొనుగోళ్లు ఆపితే జిల్లా అంతటా ధర పడిపోతుంది.

1970లో ఏర్పడిన కాటన్ కార్పొరేషన్ రెండు పనులు చేస్తుంది. ధర మద్దతు ధరకన్న తగ్గినపుడు నాణ్యతా ప్రమాణాలకు లోబడిన పత్తిని ప్రభుత్వం తరఫున కొనవలసి ఉంటుంది. ధర బాగున్నపుడు సొంత బాధ్యతపై వ్యాపారిగా కొనవచ్చు. మొదటి పనిలో వచ్చే నష్టాన్ని కేంద్రం భరిస్తుంది. 2014-15 నుండి 2020-21 వరకు గల సీజన్లకు ఇందుకై రూ. 17,408.85 కోట్లను కేంద్ర మంత్రివర్గం 2021 నవంబరులో ఆమోదించింది. నష్టాన్ని ఖజానా భరించే సంస్థతో పోటీపడటం ఎలాగన్నది జిన్నింగు మిల్లుల ప్రశ్న.

ఈ ప్రశ్నలో సగమే న్యాయముంది. మద్దతు ధరకు కొనుట వలన వచ్చిన నష్టం వ్యాపార నష్టం కాదు, అప్పగించిన బాధ్యతకు అయిన ఖర్చు. అన్యాయానికి తావు బేళ్ల అమ్మకంలో ఉంది. అధిక నిల్వలున్న ఏడాది కార్పొరేషన్ ఈ-వేలంలో ప్రకటించే ధరే మార్కెట్ ధరగా స్థిరపడుతుంది. అది తగ్గిస్తే బ్యాంకు అప్పుతో పత్తి కొన్న మిల్లు నిల్వల విలువ కూడా తగ్గుతుంది. కనుక మద్దతు ధర ఖాతాను, వాణిజ్య ఖాతాను విడదీయాలి. అమ్మకపు నియమాలను సీజనుకు ముందే ప్రకటించాలి. 2002 నాటి పోటీ చట్టం సార్వభౌమ విధులను మాత్రమే మినహాయించింది. ప్రభుత్వ రంగ సంస్థ కూడా ఆ చట్టానికి లోబడినదేనని కోల్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 2023 జూన్‌లో స్పష్టం చేసింది. బేళ్ల వ్యాపారాన్ని సార్వభౌమ విధి అనుట కష్టం.

అయితే రైతు వైపు నుండి చూసినపుడు అసమానత మరోచోట కనబడుతుంది. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. ఇది 8 శాతం తేమకు వర్తిస్తుంది. ఆపైన ప్రతి ఒక శాతానికి ఒక శాతం ధర తగ్గుతుంది. 12 శాతం వద్ద రైతుకు దక్కేది సుమారు రూ. 7,786. 12 దాటితే కార్పొరేషన్ కొనదు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా, యాప్‌లో స్లాటు కూడా కావాలి. వ్యాపారికి ఇవేవీ అక్కరలేదు. కౌలు రైతు మొగ్గు ఎటో చెప్పనక్కరలేదు.

కార్పొరేషన్ కొనుగోలు కేంద్రాలు చాలావరకు అద్దెకు తీసుకున్న ప్రైవేటు జిన్నింగు మిల్లుల ఆవరణలోనే నడుస్తాయి. ఆ యజమాని కార్పొరేషన్‌కు గుత్తేదారు. సొంతంగా పత్తి కొనే చోట పోటీదారు కూడా. తేమ 13 శాతమని తిరస్కరించిన బండి అదే ఆవరణలో నిలిచి ఉంటుంది. కిరాయి పెరుగుతూ ఉంటుంది. మళ్లీ ఆరబెట్టుకొని రావడానికి ఎందరు రైతులకు వీలవుతుంది? అక్కడున్న కొనుగోలుదారు చెప్పిన ధరకే ఇచ్చివేస్తారు. ఆ పత్తి మరొకరి పాసుపుస్తకంపై తిరిగి కార్పొరేషన్ కాటాకు చేరుతుందన్న ఆరోపణ కొత్తది కాదు. ఇటువంటి చోట పోటీ అన్న మాటకు అర్థమే లేదు.

తేమను కొనుగోలుదారు కొలవరాదు. మార్కెట్ కమిటీ సిబ్బంది కొలిచి, ఇరువర్గాల కొనుగోలుదారులకూ చెల్లే చీటీని రైతుకు ఇవ్వాలి. ప్రైవేటు కొనుగోలులోనూ ధర పక్కన తేమ శాతం నమోదు కావాలి. తేమ మీటర్ల ఖచ్చితత్వాన్ని సీజనుకు ముందు సరిచూసే పని ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం, జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం చేపట్టదగినది. ఒకే ఆవరణలో, ఒకే రోజున, ఒకే తేమ గల పత్తికి ఇద్దరు కొనుగోలుదారులు చెల్లించిన ధరల తేడాను విద్యార్థులు క్షేత్ర అధ్యయనంగా తీసుకోవచ్చు. అందుకు మార్కెట్ చీటీలు, ఒక మీటరు, నవంబరు మాసం చాలు.