వాట్ల అంకెను నమ్మి పవర్ సప్లై కొనకండి

ఖరీదైన డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. పార్టులన్నిటి వాట్లు కూడండి, పైన ఓ రెండొందలు వేసుకోండి, గోల్డ్ స్టిక్కర్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) తీసుకోండి, ఇక దిగుల్లేదు అంటారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ బజారులో కౌంటర్ దగ్గర అడిగినా, హాస్టల్లో సీనియర్‌ని అడిగినా, యూట్యూబ్‌లో వెతికినా ఇదే మాట. ఈ సలహా తప్పు. అందులో సగం నిజం ఉండటం వల్లే ఇంతమంది దాన్ని నమ్ముతున్నారు. వాట్లు చూడాల్సిందే. కానీ ఒక సప్లై తాను ఎంత ఇస్తానని చెప్పుకుంటోందో అంతవరకే ఆ అంకె చెబుతుంది. ఆ శక్తిని ఏ లైన్‌లో ఇస్తుంది, ఎంత వేడిలో ఇస్తుంది, ఇవ్వలేని పరిస్థితి వస్తే ఏం చేస్తుంది? ఈ మూడు ప్రశ్నలకూ వాట్ల అంకెలో జవాబు లేదు. లక్షన్నర పెట్టి కొన్న మెషీన్ క్షేమం మాత్రం ఆ మూడింటి మీదే ఆధారపడి ఉంది.

ముందు లైన్ సంగతి. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమ శక్తిలో దాదాపు అంతా 12 వోల్టుల లైన్ నుంచే లాక్కుంటాయి. కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను తిప్పి, పక్కన అంటించిన పట్టికను ఒక్కసారి చదవండి. పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంటుంది. కింద చిన్న గడిలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు అని కనిపిస్తే, 12ను 16తో గుణించండి: 192 వాట్లు. మిగతా అంకెంతా 5 వోల్టులు, 3.3 వోల్టుల లైన్లలో ఉందన్నమాట. ఆ లైన్లను నేటి గేమింగ్ కంప్యూటర్ పెద్దగా వాడుకోదు. మంచి 750 వాట్ల సప్లై మీద ఇదే గడిలో 62 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు మొత్తం 12 వోల్టుల మీదే. డబ్బా మీది అంకెను పక్కనపెట్టి ఈ గుణకారం చేయమని కొనుగోలుదారుకు ఎవరూ చెప్పకపోవడమే నా మొదటి అభ్యంతరం.

రెండోది, కూడిక పద్ధతిలోనే ఉన్న లోపం. కోర్ ఐ9-14900కే ప్రాసెసర్ గరిష్ఠ టర్బోలో 253 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4090 కార్డు 450 వాట్లు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీలు, మదర్‌బోర్డుకు ఓ 80 వేస్తే 783 అవుతుంది. లెక్క సరిగ్గానే ఉంది, కానీ అది సగటు లెక్క. గ్రాఫిక్స్ కార్డు సగటున బతకదు. గేమ్‌లో దృశ్యం మారిన క్షణంలో, మిల్లీసెకను కూడా పట్టని వ్యవధిలో, అది తన వాటాకు రెట్టింపు దాకా లాగి మళ్లీ దిగుతుంది. ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు వచ్చిన కొత్తలో కాగితం మీద సరిపోయే సప్లైలు కూడా గేమ్ మధ్యలో ఆగిపోవడానికి కారణం ఇదే. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఇంటెల్ ఈ విషయాన్ని సూటిగా రాసింది. కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న 450 వాట్లకు మించిన సప్లై, తన సామర్థ్యానికి రెట్టింపు లోడ్‌ను 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. ఈ ప్రమాణానికి నిలిచిన 850 వాట్ల సప్లై, నిలవని 1000 వాట్ల సప్లై కన్నా అలాంటి కార్డుకు నమ్మకమైన తోడు. 'పైన రెండొందలు వేసుకోండి' అనే సలహా ఈ తేడాను పూర్తిగా కప్పేస్తుంది.

ఇక గోల్డ్ స్టిక్కర్. 80 ప్లస్ గోల్డ్ అంటే 115 వోల్టుల పరీక్షలో 20 శాతం లోడ్ దగ్గర 87, సగం లోడ్ దగ్గర 90, పూర్తి లోడ్ దగ్గర 87 శాతం సామర్థ్యం. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత కంప్యూటర్‌కు చేరుతుంది, ఎంత వేడిగా పోతుంది అన్నది దాని కొలత. 12 వోల్టుల లైన్ ఎంత నిలకడగా ఉందో, అందులో అల (రిపుల్) ఎంత ఉందో, షార్ట్ అయితే సప్లై ఆగుతుందో లేదో ఆ స్టిక్కర్ చెప్పదు. చెప్పడం దాని పని కూడా కాదు. సామర్థ్యపు ముద్రను నాణ్యత ముద్రగా, భద్రత హామీగా అమ్మడమే అన్యాయం.

దీనికి గిగాబైట్ జీపీ-పీ750జీఎం కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. 750 వాట్లు, గోల్డ్ ముద్ర, పేరున్న కంపెనీ: సలహాలో చెప్పినవన్నీ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డుల కరువు కాలంలో అమెరికాలో దీన్ని కార్డులతో జతకట్టి మరీ అమ్మారు. 2021 ఆగస్టులో గేమర్స్ నెక్సస్ అనే హార్డ్‌వేర్ పరీక్షల బృందం వీటిని పరీక్షిస్తే పలు యూనిట్లు పాడైపోయాయి, కొన్ని పేలిపోయాయి. పరీక్షలో పరిమితి దగ్గరి లోడ్‌ను ఎక్కువసేపు, పదేపదే పెట్టడం వల్లే అలా అయిందని కంపెనీ వాదించింది. అయినా అధిక లోడ్ రక్షణ పనిచేసే స్థాయిని 120-150 శాతం నుంచి 110-120 శాతానికి తగ్గించి, కొన్ని సీరియల్ నంబర్ల యూనిట్లను మార్చి ఇస్తామంది. అంటే 750 వాట్ల సప్లై 1125 వాట్ల దాకా పోయినా ఆగకుండా ఉండే వీలు మొదట ఉంది. మంచి సప్లై క్షణికమైన అతిభారాన్ని ఓర్చుకోవాలి, నిలకడగా సాగే అతిభారాన్ని వెంటనే తెంచేయాలి. ఈ రెండు గుణాల్లో ఒక్కటీ వాట్లలో లేదు, గోల్డ్‌లోనూ లేదు.

'గోల్డ్ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుంది' అన్నదీ తూచి చూద్దాం. 400 వాట్ల లోడ్‌తో రోజుకు నాలుగు గంటలు ఆడేవాళ్లకు 85 శాతం సప్లై గోడ నుంచి 471 వాట్లు లాగుతుంది, 90 శాతం సప్లై 444 లాగుతుంది. నెలకు తేడా సుమారు 3 యూనిట్లు. ఒకటికి ఒకటిన్నర ధర పెట్టడానికి ఇది కారణం కాదు. ఇళ్లలో వినిపించే భయానికీ ఆధారం లేదు: వెయ్యి వాట్ల సప్లై పెట్టినంత మాత్రాన బిల్లు వెయ్యి వాట్లకు రాదు. కంప్యూటర్ అడిగినంతే అది లాగుతుంది.

వేడి గురించి మన దగ్గర మాట్లాడకపోవడం మరీ విడ్డూరం. 80 ప్లస్ పరీక్ష జరిగేది 23 డిగ్రీల దరిదాపుల్లో. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో ఆ అంకెకు అర్థమేముంది? గదిలోనే 40 డిగ్రీలుంటే కేబినెట్ లోపల ఇంకా ఎక్కువ. సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లందరికీ తెలుసు. అందుకే ప్రకటించిన వాట్లు ఏ ఉష్ణోగ్రత దగ్గర నిరంతరంగా ఇస్తుందో డేటాషీట్‌లో చూడాలి. 50 డిగ్రీల దగ్గర అని రాసినవి ఉన్నాయి, 40 అని రాసినవి ఉన్నాయి, ఏమీ రాయనివీ ఉన్నాయి. మన ఎండలకు మూడో రకం పనికిరాదు.

పవర్ సప్లై కార్డుకు సరిపోతుందా అన్న ప్రశ్నకు అసలు జవాబు చాలాసార్లు తీగల దగ్గర దొరుకుతుంది. పాత 8 పిన్నుల కనెక్టర్ ఒక్కోటి 150 వాట్లకు ఉద్దేశించింది. కొత్త 16 పిన్నులది 600 వాట్ల దాకా మోస్తుంది, అంటే 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు ఆరు చిన్న పిన్నుల గుండా పోవాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చాక ఈ కనెక్టర్లు కరిగిన ఫిర్యాదులు వచ్చాయి. తమ దృష్టికి వచ్చినవి సుమారు 50 అని, కనెక్టర్ పూర్తిగా దిగకపోవడం ప్రధాన కారణమని ఆ నవంబరులో ఎన్‌విడియా చెప్పింది. తర్వాత కనెక్టర్‌నే సవరించి, సరిగ్గా దిగనిదే పూర్తి శక్తి పారకుండా సెన్స్ పిన్నుల పొడవు తగ్గించారు. సగం దిగిన ప్లగ్ వెనుక 850 వాట్ల సప్లై ఉన్నా 1600 వాట్లది ఉన్నా ప్లాస్టిక్ ఒకేలా కరుగుతుంది. సప్లై నుంచి ఊడదీయగలిగే మాడ్యులర్ తీగల్లో మరో గుంట ఉంది. సప్లై వైపు సాకెట్‌లో ఏ పిన్ను ఏ వోల్టేజీదో కంపెనీలన్నీ పాటించే ఒక పద్ధతి లేదు. పాత సప్లై తీగ కొత్తదానికి చక్కగా అమరుతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వెళ్తాయి, హార్డ్‌డిస్క్ ఒక్క క్షణంలో పోతుంది. తీగలు పొట్టిగా ఉన్నాయని పాతవి పెట్టే మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపండి.

గోడ వైపు కూడా చూడాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. 500 వాట్లు లాగుతున్న మెషీన్‌కు కరెంటు పోగానే అది చేతులెత్తేస్తుంది. మూడో పిన్నుకు నిజంగా ఎర్తింగ్ లేని ఇంట్లో కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుకు పోయే దారి లేకపోవడమే అందుకు కారణం కావచ్చు. సప్లై మార్చాలనుకునే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

'మా ఆఫీసులో ఎనిమిదొందల రూపాయల ఎస్‌ఎంపీఎస్ ఆరేళ్లుగా నడుస్తోంది' అనే వాదన నిజమే కావచ్చు. టైపింగ్‌కు, బిల్లింగ్‌కు వాడే కంప్యూటర్ వంద వాట్లు కూడా లాగదు. ఆ లోడ్ దగ్గర లోపాలు బయటపడే అవసరమే రాదు. ఆ అనుభవాన్ని 450 వాట్ల కార్డుకు అన్వయించడం తగదు. 'ఎక్కువ వాట్లు కొంటే నష్టమేముంది' అనేవాళ్లకు నా జవాబు కూడా సూటిదే. డబ్బు లెక్కలేనివాళ్లకు నష్టం లేదు. బడ్జెట్ బిగించుకున్న విద్యార్థి మాత్రం నాసిరకం 1000 వాట్లకు పెట్టే సొమ్ముతో నికార్సయిన 750 వాట్ల సప్లైని తెచ్చుకోగలడు.

కాబట్టి సలహా మారాలి. ముందు కార్డు తయారీదారు సూచించిన వాట్లు చూడండి. ఆర్‌టీఎక్స్ 4090కి 850, ఆర్‌టీఎక్స్ 5090కి 1000 అని ఎన్‌విడియానే చెప్పింది. దాన్ని ప్రవేశార్హతగానే తీసుకోండి. ఆపైన 12 వోల్టుల ఆంపియర్లు గుణించండి. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉందా, కార్డుకు కావాల్సిన కనెక్టర్ అడాప్టర్ లేకుండా వస్తుందా, ఏ ఉష్ణోగ్రతకు హామీ ఇచ్చారు, వారంటీ ఎన్నేళ్లు అని అడగండి. విడదీసి, లోడ్ పెట్టి కొలిచిన సమీక్ష ఆ మోడల్‌కే ఉందో లేదో చూడండి. ఒకే కంపెనీ ఒక వరుసలో మంచివి, ఇంకో వరుసలో చెత్తవి అమ్ముతుంది కనుక బ్రాండ్ పేరు చాలదు. ఈ ప్రశ్నలు కౌంటర్ దగ్గర పదిమంది అడిగితే దుకాణదారు జవాబులు తెలుసుకుని కూర్చుంటాడు, వందమంది అడిగితే జవాబు లేని సరుకు తెప్పించడం మానేస్తాడు. మన బజారు బాగుపడటానికి మనం కొనే ప్రతి ఎస్‌ఎంపీఎస్ ఒక అవకాశం.