ఉద్యోగం మారండి, కానీ చెప్పి మారండి

గిరిజన మిత్రులారా, పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

గౌలిపుర, లాల్‌దర్వాజ, శాలిబండ వైపు రూములు తీసుకుని నలుగురైదుగురు కలిసి ఉంటున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నా. డిగ్రీ అయిపోయింది, నోటిఫికేషన్ కోసం చూస్తూనే ఒకరు హోల్‌సేల్ షాపులో బిల్లింగ్, ఒకరు ల్యాబ్‌లో, ఒకరు కాల్ సెంటర్‌లో చేస్తున్నారు. మంచిదే. కానీ ఒక అలవాటు మనల్ని దెబ్బతీస్తోంది. నాగోబా జాతరకో, తీజ్‌కో, మేడారానికో లీవ్ అడుగుతాం. ఇవ్వరు. చెప్పకుండా బస్సెక్కేస్తాం, ఫోన్ స్విచాఫ్. తిరిగొచ్చాక ఆ గడప తొక్కం, ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాం.

"వాళ్ళు లీవ్ ఇవ్వనప్పుడు మనం నోటీస్ ఎందుకివ్వాలి?" అని అడుగుతారు. కోపం న్యాయమే. కానీ నష్టం ఎవరికి? చివరి నెల జీతం ఆగిపోతుంది. రిలీవింగ్ లెటర్ రాదు, దాంతో చేసిన ఏడాది అనుభవం రెజ్యూమేలో రాసుకున్నా నమ్మేవాళ్ళుండరు. పైగా ఒక్కడు అలా వెళ్తే "వీళ్ళు చెప్పకుండా పోతారు" అని తర్వాత వచ్చే మన గూడెం, తండా పిల్లల్ని కూడా అదే లెక్కలో కడతారు. అది అన్యాయమే. కానీ జరుగుతున్నది అదే.

నా ఉద్దేశంలో ఈ గొడవ మొదలయ్యేది ఇంటర్వ్యూలోనే. అక్కడ మనం ఏమీ అడగం. అసలు మాట్లాడే అలవాటే తక్కువ. పరీక్షలు రాసి వచ్చినవాళ్ళం. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూ తీసేసింది, తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2కీ తీసేసింది. అదే ఏడాది మనకు 10 శాతం రిజర్వేషన్ వచ్చింది, కానీ అది ప్రభుత్వ ఉద్యోగాలకూ చదువులకే. ప్రైవేటులో రోస్టర్ లేదు. ఆ పదిహేను నిమిషాలే దిక్కు.

"మీ గురించి చెప్పండి" అంటే బట్టీపట్టిన ఇంగ్లీషు వద్దు. చదువు, చేసిన పని, అందులో మీరు నిజంగా చూసుకున్న బాధ్యత, ఈ పని ఎందుకు కావాలి, ఈ నాలుగు చాలు. సెలవుల్లో తునికాకు కల్లంలో కట్టలు లెక్కపెట్టి, ఎవరికెంత కూలి వచ్చిందో రాశారా? అది స్టాకు, అకౌంటు పనే, సిగ్గుపడకుండా చెప్పండి. ఇంట్లో గోండీయో కోయయో లంబాడీయో, బడిలో తెలుగు, గౌలిపురలో ఉండి నేర్చుకున్న దక్కనీ హిందీ. కౌంటర్‌లో కూర్చునే మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత మీరు అడగండి. చేతికి వచ్చే జీతం ఎంత? పీఎఫ్ ఉందా? జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ ఉందా? నోటీస్ ఎన్ని రోజులు? "ఏడాదికోసారి మా జాతరకు మూడు రోజులు కావాలి సార్, నెల ముందే చెప్తాను" అని అక్కడే చెప్పేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్స్ ఇవ్వండి. ఒరిజినల్స్ పెట్టుకుంటామన్నా, ఉద్యోగానికి డబ్బు కట్టమన్నా లేచి వచ్చేయండి.

మారేముందు లెక్క వేయండి. హైటెక్ సిటీలో 3,000 ఎక్కువ ఇస్తామన్నారనుకోండి. గౌలిపుర నుంచి ఎంజీబీఎస్‌కు బస్సు, అక్కణ్ణుంచి మెట్రో, అమీర్‌పేటలో మారాలి. రానుపోను రోజుకు 120 అయితే 26 రోజులకు 3,120. పెరిగిందేదీ మిగల్లేదు, పైగా నిద్ర పోయింది. పని నేర్పే చోటైతే వెళ్ళండి, ఉత్త అంకె చూసి వద్దు.

కొత్త ఆఫర్ కాగితం మీదికి వచ్చాకే రాజీనామా చేయండి. మూడు వాక్యాలు చాలు: ఫలానా తేదీ నా చివరి రోజు, నోటీస్ పూర్తి చేస్తాను, జీతం సెటిల్ చేసి రిలీవింగ్ లెటర్ ఇవ్వగలరు. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపి స్క్రీన్‌షాట్ దాచుకోండి. పీఎఫ్ డబ్బు తీసేయకండి, అదే యూఏఎన్‌తో కొత్త ఖాతాకు మార్చుకోండి. పదేళ్ళ సర్వీసు పూర్తయితేనే పెన్షన్ హక్కు. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలలకు పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

ఒక మాట. ఆదివారం సాయంత్రం ప్రతి రూములో ఒక గంట, ఒకరు సార్‌లా కూర్చుని మిగతావాళ్ళను ప్రశ్నలు అడగండి. నవ్వొస్తుంది, రానీయండి. అసలు ఇంటర్వ్యూలో గొంతు వణక్కుండా ఉంటే చాలు.