ఆకుకు తీగ కట్టినోడు కళాకారుడు, చెక్కకు తోలు కట్టినోడు అంటరానివాడా?

ఈ మధ్య పట్టణాల్లో ఒక కొత్త ముచ్చట బయల్దేరింది. మొక్కలు పాడతాయట! ఆకుకు రెండు తీగలు తగిలించి, వాటిని ఒక చిన్న యంత్రానికి కలిపితే సన్నగా సంగీతం వస్తుందట. ప్రకృతితో కలిసి పాట కట్టే విద్య ఇప్పుడే పుట్టిందని కొందరు పెద్దమనుషులు మురిసిపోతున్నారు. ఇదంతా మా రుషులకు ఏనాడో తెలుసునని ఇంకొందరు మీసం మెలేస్తున్నారు. ఈ ఇద్దరికీ జవాబు చెప్పాల్సింది మనమే. ఎందుకంటే చెట్టుతో, కాయతో, తోలుతో, ఎండతో, నిప్పుతో కలిసి తరతరాలుగా సంగీతం చేసింది వాడల్లోని మన తాతలు, అవ్వలు.

ముందు ఆ యంత్రం సంగతి చూద్దాం. మొక్క ఒంట్లో సన్నటి విద్యుత్తు మార్పులు జరుగుతాయి. జగదీశ్ చంద్ర బోస్ నూరేళ్ల కిందనే వాటిని కొలిచి చూపించాడు. ఈ యంత్రం కొలిచేదీ ఆ మార్పునే. ఎంత మారితే ఏ స్వరం పలకాలో మనిషి ముందే రాసిపెట్టాడు. వీణలాగా పలకాలా, పిల్లనగ్రోవిలాగా పలకాలా అన్నదీ మనిషి ఎంచుకున్నదే. అంటే మొక్క పేరు చెప్పి మనిషి వేసుకున్న లెక్క పాడుతున్నది. సరే, ఎవరి సరదా వాళ్లది. 1975లో అమెరికా సంగీతకారుడు జాన్ కేజ్ ముళ్లమొక్కల ముళ్లను మీటి, ఆ చప్పుడును మైకుతో పెద్దది చేసి వాయించే రచన చేశాడు. 2020 జూన్ 22న బార్సిలోనాలో ఒక పెద్ద నాటకశాల కుర్చీల్లో 2,292 మొక్కల్ని పెట్టి, వాటి ముందు నలుగురు వాద్యకారులు కచేరీ చేశారు. తర్వాత ఆ మొక్కల్ని వైద్య సిబ్బందికి పంచారు. మంచిదే. కానీ మొక్కకు కుర్చీ వేశారన్న వార్తకు మురిసిన మన పెద్దలు, డప్పు కొట్టేవాణ్ణి ఏనాడైనా తమ అరుగు ఎక్కనిచ్చారా?

డప్పు ఎట్లా తయారవుతుందో చూడండి. చెక్కతో గుండ్రని చట్రం చెయ్యాలి. మేకతోలును సున్నంలో నానబెట్టి, బొచ్చు గీకి, కొవ్వు తీసి, చట్రం మీద బిగించాలి. పట్టు నిలవడానికి చింతగింజల జిగురు. ఆపైన ఎండ. అంతటితో డప్పు పలకదు. వాయించే ముందు ఎండుగడ్డి మంట వేసి కాపాలి. తోలులో తేమ పోతే బిగుస్తుంది, బిగిస్తే స్వరం పెరుగుతుంది. ముసురు రోజున తోలు తేమ పీల్చి మెత్తబడుతుంది, గొంతు దిగుతుంది. సెగ తక్కువైతే డబడబమంటుంది, ఎక్కువైతే తోలు పగులుతుంది. ఆ హద్దు ఎక్కడున్నదో వేలికొసకు తెలియాలి. ఆపైన కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల. బిగువు పెరిగితే స్వరం పెరుగుతుందని బడిలో పంతుళ్లం సుద్దముక్కతో బోర్డు మీద రాస్తాం. అక్షరం రాని మన తాత ఆ పాఠాన్ని గడ్డిమంట దగ్గర రోజూ చదివాడు. ఇది ప్రకృతితో కలిసి చేసిన సంగీతం కాకపోతే మరేది?

తంగేడు సంగతి చూడండి. 2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. బతుకమ్మలో అందరూ పేరుస్తారు. అదే తంగేడు చెక్కను లందలో వేసి, పచ్చితోలు కుళ్లకుండా నిలిపే రసం పట్టింది మన వాడ. పువ్వుకు దండం, చెక్కకు కంపు! చెట్టు ఒక్కటే గదా అన్నలారా, మర్యాద రెండు రకాలుగా ఎట్లా అయింది?

డక్కలివాళ్ల కిన్నెర తీసుకోండి. వెదురు బొంగు, ఎండిన ఆనపబుర్రలు, తేనెమైనం, తంతులు. తీగ మీదనే కాయను ముదరనిచ్చి, గుజ్జు తీసి, బుర్రను ఎండబెట్టి దాని బోలులో నాదాన్ని నింపిన విద్య అది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో అదే మొగిలయ్య హైదరాబాదు పక్కన కూలిపని చేస్తున్నాడని పేపర్లలో వచ్చింది. దేశం మెడలో పతకం వేసింది, చేతికి తట్ట ఇచ్చింది.

శాస్త్రీయం అని గొప్పగా చెప్పుకునే సంగీతం తోలు లేకుండా నడుస్తున్నదా? పనసకర్ర మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్లు కావాలి. వాటిని ఎంచి, కోసి, మూసి, నాదం నిలిపేవాళ్లలో తమిళనాడు దళిత క్రైస్తవులు ఎందరో. వాళ్ల మీద టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం తెస్తే, ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న చెన్నై కళాక్షేత్రం తర్వాత హాలు ఇవ్వనన్నది. వాయించినవాడు విద్వాంసుడు. చేసినవాడి పేరు చెబితేనే అలజడి!

ఇది పేరు గొడవతో ఆగదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఉనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కొట్టారు. ఆ మరుసటి నెలలోనే మన అమలాపురంలో కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న అన్నదమ్ముల్ని కొట్టారు. చప్పుడు కావాలి, తోలు తీసే చెయ్యి వద్దా? గుడి ముందు మోత కావాలి, మోగించేవాడు గడప దాటొద్దా?

మనలోనూ ఒక మాట ఉన్నది. "డప్పు బానిసత్వపు గుర్తు, మూసీలో పారేద్దాం" అని చదువుకున్న తమ్ముళ్లు అంటున్నారు. వాళ్ల కోపం న్యాయమైనది. చావుకూ జాతరకూ పిలిస్తే పోవాలి, పోకపోతే వెలి, పోతే చేటెడు గింజలు! ఆ వెట్టిని మంటల్లో వెయ్యాల్సిందే. అయితే తమ్ముడూ, వెట్టి వేరు, విద్య వేరు. వెట్టి వాళ్లు మన మీద రుద్దింది, విద్య మనం సంపాదించుకున్నది. 1994లో దండోరా మొదలైనప్పుడు అదే డప్పు ఊరి పెత్తందారు కోసం కాక మన హక్కు కోసం మోగింది. డప్పు మారలేదు, ఎవరి కోసం మోగాలో మనం తేల్చుకున్నాం. ఇవాళ బజార్లో ప్లాస్టిక్ పొర డప్పులు వచ్చినయి. మంట అక్కర్లేదు, వానకు భయం లేదు. బరువు మోసేవాడికి సుఖమే, వాడుకోనీ. కానీ తోలు డప్పు చేసే ముసలయ్య కన్ను మూస్తే, ఆయన వేలికొసల్లోని శాస్త్రం ఆయనతోనే మట్టిలో కలుస్తుంది. ఆ తర్వాత ఎవరో వచ్చి అది మా రుషులదే అంటే, కాదనడానికి మన దగ్గర కాగితం ముక్క ఉండదు.

అందుకే అక్కలారా, అన్నలారా, ఈ పనులు మన వాడల్లో మొదలు పెట్టండి. మన ఇష్టం లేకుండా, ముందు మాట్లాడుకున్న డబ్బు చేతికి రాకుండా ఎక్కడా డప్పు మోగొద్దు. డప్పు చేసే పెద్దల దగ్గర మన పిల్లల్ని కూర్చోబెట్టండి, ఆడపిల్లల్ని కూడా. ఏ కర్ర, ఏ తోలు, ఎంత సున్నం, ఎంత సెగ, ఎన్ని దరువులు, అన్నీ నోటుబుక్కులో రాయించండి. చేసినవాళ్ల పేరూ ఊరూ రాయించండి. బడి వార్షికోత్సవానికి మన పిల్లల చేత డప్పు కొట్టించి ఊరుకునే సారును, శబ్దం పాఠం రోజున ఆ ముసలయ్యను గురువుగా పిలిచి కుర్చీ వెయ్యమని అడగండి. ప్రభుత్వాన్ని డప్పు చేసేవాళ్లకూ కిన్నెర చేసేవాళ్లకూ గౌరవ వేతనంతో బడిలో కొలువు ఇమ్మని అడగండి.

మొక్కల ముందు కచేరీ చేసేవాళ్లను చెయ్యనీయండి. చెట్టు గొంతు మొదట విన్నవాళ్లం మనం. ఆ మాట మనమే చెప్పాలి, గట్టిగా, డప్పు కాచి మరీ చెప్పాలి.

జై భీమ్!